ఆంగ్లభాషా చరిత్రను ఆదోని నుంచి చదవడం: పాఠ్యగ్రంథాల దృష్టిపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

ఆంగ్లభాషా చరిత్ర మన కళాశాలల్లో తేదీల వరుసగా, అరువు పదాల పట్టికగా బోధించబడుతోంది. యెస్పర్సన్, బా వంటి పండితుల గ్రంథాలు ఈ బోధనకు ఆధారాలు. ఆ గ్రంథాల విలువను అంగీకరిస్తూనే, భాషామార్పుకు కారణాలు చెప్పేటప్పుడు అవి ఎక్కడ తడబడ్డాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పశ్చిమ కర్నూలులోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల పదసంపదను ఆంగ్ల పదచరిత్రతో పోల్చి, అరువు పదాల వల్ల భాష నశించదనీ, వ్యవహార రంగాలు చేజారినప్పుడే అది క్షీణిస్తుందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆంగ్లభాషా చరిత్ర, ఆదాన పదాలు, దత్తమండలాలు, ఆదోని, ఎమ్మిగనూరు, వృత్తిపదాలు, బోధనామాధ్యమం.

1. ఉపోద్ఘాతం

ఆదోని కోటను, దాని పరిసర సీమను నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. 1808లో దత్తమండలాలు బళ్లారి, కడప జిల్లాలుగా విడిపోయినప్పుడు ఆదోని బళ్లారి జిల్లాలో చేరింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకు వెళ్లగా, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిశాయి. విజయనగర, బీజాపూరు, మొగలు, నిజాం, మైసూరు, కంపెనీ పాలనలను వరుసగా చూసిన ఈ ప్రాంతంలో తెలుగు, కన్నడం, ఉర్దూ నేటికీ ఒకే వీథిలో వినిపిస్తాయి.

ఇటువంటి చోట ఆంగ్లభాషా చరిత్రను చదివే విద్యార్థి ఒక బహుభాషా సమాజం చరిత్రనే చదువుతున్నాడు. పదకొండవ శతాబ్ది తరువాతి ఇంగ్లండు కూడా అటువంటిదే. అక్కడ మఠంలో లాటిన్, కొలువులో ఫ్రెంచి, పొలంలో ఇంగ్లీషు ఉండేవి. ఈ సామ్యాన్ని మన పాఠాలు ఉపయోగించుకోవడం లేదు. ఆ విద్యార్థి 1066, 1476, 1755 అనే సంవత్సరాలను కంఠస్థం చేస్తాడు. నార్మనుల విజయం, కాక్స్‌టన్ ముద్రణాలయం, జాన్సన్ నిఘంటువు అని వాటి ఎదుట రాస్తాడు. ఆ మార్పులు ఏ మనుషుల నోళ్లలో, ఏ పనుల మధ్య జరిగాయో అతనికి అందదు.

2. పాఠ్యగ్రంథాల దృష్టి

ఆటో యెస్పర్సన్ 1905లోనూ, ఆల్బర్ట్ బా 1935లోనూ ప్రకటించిన ఆంగ్లభాషా చరిత్రలు ఒక శతాబ్ది కాలంగా ప్రపంచమంతటా విద్యార్థులకు దారి చూపాయి. ఎఫ్. టి. వుడ్ 1941లో రాసిన సంగ్రహ చరిత్ర భారతీయ విద్యార్థులకు మరింత చేరువైంది. ధ్వనిపరిణామం, రూపనిష్పత్తి, వాక్యనిర్మాణం విషయాల్లో ఈ గ్రంథకర్తల పరిశ్రమ ప్రశంసనీయం. చిక్కు వచ్చేది భాషామార్పుకు కారణం చెప్పవలసిన చోట.

యెస్పర్సన్ తన గ్రంథాన్ని ఆరంభిస్తూ ఇంగ్లీషును పురుషలక్షణం గల భాషగా వర్ణించాడు. హల్లుల బలం, ఏకాక్షర పదాల సమృద్ధి, లఘ్వర్థక రూపాల కొరత ఇందుకు ఆయన చూపిన నిదర్శనాలు. దీనికి ఎదురుగా అచ్చులు నిండిన హవాయీ భాషను నిలిపి, అటువంటి భాష మాట్లాడేవారి నుంచి పౌరుషాన్ని ఆశించలేమన్న ధోరణిలో వ్యాఖ్యానించాడు. తెలుగు అజంత భాష. ఈ అధ్యాయాన్ని విమర్శ లేకుండా చదివించిన అధ్యాపకుడు, తన ఎదుట కూర్చున్న విద్యార్థి మాతృభాషను అతనికి తెలియకుండానే తక్కువ చేసినవాడవుతాడు. భాషాధ్వనులకూ జాతిస్వభావానికీ సంబంధం ఉందనే భావన శాస్త్రపరంగా నిలవదు. ఆంగ్లంలో పదాంత అచ్చులు, విభక్తి ప్రత్యయాలు రాలిపోవడానికి పదాద్యక్షరంపై పడే ఊనిక, స్కాండినేవియనులతో సహజీవనం వంటి కారణాలను భాషావేత్తలు చూపారు. పౌరుషంతో అక్కడ పని లేదు.

రెండవ లోపం పట్టికల పద్ధతి. భారతీయ భాషల నుంచి ఆంగ్లంలోకి వెళ్లిన మాటలు ఈ గ్రంథాల్లో ఒకే పేరాలో వరుసగా కనిపిస్తాయి: కాలికో, చింట్జ్, లూట్, జంగిల్, బంగళా. ఆంగ్లభాష ఉదారంగా స్వీకరించిందని అవి సూచిస్తాయి. కాలికో అనే మాటకు మూలం కోళిక్కోడు రేవు. చింట్జ్ మన చీటిగుడ్డకు బంధువు. ఈ మాటలను అక్కున చేర్చుకున్న ఇంగ్లండు 1700లో ఒక చట్టంతో రంగుల అద్దకం నూలుబట్టల దిగుమతిని ఆపింది. 1721లో మరొక చట్టంతో అటువంటి బట్టలు చాలావాటిని ధరించడాన్ని కూడా నిషేధించింది. మాటను ఉంచుకుని గుడ్డను వెళ్లగొట్టింది. పట్టికలో మాట ఒక్కటే మిగిలింది.

3. నిప్పు, అగ్గి, అగ్ని

ఆంగ్ల పదసంపదలో సగానికి పైగా ఫ్రెంచి, లాటిన్ మూలాలు కలిగినదైనా ఆంగ్లం జర్మానిక్ భాషే. ఈ సంగతి విద్యార్థికి వింతగా తోస్తుంది. దీనిని వివరించడానికి కావలసిన కొలబద్ద తెలుగు వ్యాకరణ సంప్రదాయంలోనే ఉంది. మన లాక్షణికులు పదాలను తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యాలుగా విభజించారు. దేశ్యంలో అన్యదేశ్యాన్ని వేరుగా గుర్తించారు. నిప్పు దేశ్యం, అగ్గి తద్భవం, అగ్ని తత్సమం. సంస్కృతం నుంచి ప్రాకృతం మీదుగా అగ్గి వచ్చినట్లే, లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా రాయల్ వచ్చింది. లాటిన్ గ్రంథాల నుంచి నేరుగా రీగల్ వచ్చింది. కింగ్లీ ఇంటి మాట. ఒకే అర్థానికి మూడు అంతస్తులు రెండు భాషల్లోనూ ఒకే తీరున ఏర్పడ్డాయి. ఇంటి మాట దగ్గరితనాన్ని, గ్రంథపు మాట గాంభీర్యాన్ని పలుకుతాయి.

ఈ కొలబద్ద ఆధునిక భాషాశాస్త్రానికి పరాయిది కాదు. 1816లో మద్రాసులో అచ్చయిన ఎ. డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక పీఠిక రాశాడు. తెలుగు సంస్కృతజన్యం కాదనీ, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబానికి చెందినదనీ అందులో నిరూపించాడు. అందుకు ఆయన ఆధారం చేసుకున్న వాటిలో మామిడి వెంకయ్య ‘ఆంధ్రదీపిక’లోని పదవిభజన ఒకటి. కాల్డ్వెల్ గ్రంథం 1856లో వెలువడడానికి 40 ఏళ్ల ముందు జరిగిన సంగతి ఇది. అరువు మాటలు ఎన్ని ఉన్నా భాష కుటుంబం మారదన్న సూత్రాన్ని మన పండితుల విభజన ఆధారంగానే ఒక ఆంగ్లేయుడు స్థాపించాడు. అదే సూత్రాన్ని అదే పరిభాషతో ఆంగ్లానికి అన్వయించి చెప్పడానికి మన తరగతిగదిలో ఆటంకం ఉండకూడదు.

4. రైతు, ఫార్మర్: కచేరీ నుంచి పొలానికి

అరువు పదం భాషలోకి ఏ ద్వారం గుండా వస్తుందో తెలిస్తే, ఆ సమాజంలో ఏ పని ఎవరి చేతిలో ఉండేదో తెలుస్తుంది. దత్తమండలాలకు 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో పేరుతో ముడిపడిన రైత్వారీ పద్ధతిలోని ‘రైతు’ దీనికి చక్కని ఉదాహరణ. అరబ్బీలో పాలితుడు, ప్రజ అనే అర్థంగల ‘రయ్యత్’ దీనికి మూలం. పారశీకం మీదుగా రెవెన్యూ కచేరీకి వచ్చి, అక్కడి నుంచి పొలానికి దిగింది. నేడు తెలుగువాడు తన ఊరి మట్టికి అత్యంత సన్నిహితమైన మాటగా దీనిని భావిస్తాడు. ఈ మాటే ‘రయట్’గా ఆంగ్ల నిఘంటువులోకీ వెళ్లింది.

ఆంగ్లంలో సేద్యం చేసేవాణ్ణి ఫార్మర్ అంటారు. ఇదీ ఇంటి మాట కాదు. నిర్ణీతమైన శిస్తు అని అర్థమిచ్చే మధ్యయుగ లాటిన్ ‘ఫిర్మా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఫార్మ్ అంటే మొదట కౌలు. ఫార్మర్ అంటే పన్నునో భూమినో గుత్తకు తీసుకున్నవాడు. క్రమంగా ఆ పేరు దున్నేవాడికి స్థిరపడింది. పెజంట్ కూడా ఫ్రెంచి నుంచి వచ్చినదే. స్వతంత్ర గ్రామీణుణ్ణి సూచించిన ప్రాచీనాంగ్ల పదం ‘చెయొర్ల్’ మాత్రం ‘చర్ల్’గా మారి మోటువాడనే తిట్టుగా దిగజారింది.

రెండు భాషల్లోనూ సేద్యగాడికి పేరు పెట్టినది లెక్కల పుస్తకమే. నాగలి పట్టినవాణ్ణి శిస్తు కట్టేవాడిగా చూసిన కచేరీ, ఆ చూపునే పేరుగా మిగిల్చింది. కోర్టు, జడ్జి, టాక్స్, రెంట్ అనే మాటలు నార్మనుల కొలువు నుంచి ఆంగ్లంలో నిలిచినట్లే, తాలూకా, తహసీలు, జమాబందీ, కిస్తు, ఫసలీ అనే మాటలు ముస్లిం పాలకుల కచేరీ నుంచి ఆదోని తెలుగులో నిలిచాయి. పాలకులు వెళ్లిపోయారు, మాటలు మిగిలాయి. వాటి వల్ల ఆంగ్లం ఫ్రెంచి కాలేదు, తెలుగు పారశీకం కాలేదు.

5. మగ్గం, మిల్లు, క్యాండీ

ఎమ్మిగనూరు నేతకు పేరుపొందిన ఊరు. మాచాని సోమప్ప చొరవతో 1938లో ఇక్కడ చేనేత సహకార సంఘం ఏర్పడింది. ఆయనకు 1954లో పద్మశ్రీ పురస్కారం లభించింది. నేతగాడి ఇంట్లో వినిపించే మాటలు మగ్గం, పడుగు, పేక, నాడె, కండె, అచ్చు. భద్రిరాజు కృష్ణమూర్తి ఆరంభించిన మాండలిక వృత్తిపదకోశంలో 1971 నాటి రెండవ సంపుటం చేనేతకే కేటాయించబడింది. వృత్తి చేతిలో ఉన్నంతకాలం దాని పరిభాష ఎంత సూక్ష్మంగా, ఎంత సొంతంగా ఉంటుందో ఆ సంపుటం చాటుతుంది. అదే నేతగాడు గడప దాటి నూలు తెచ్చుకోవడానికి, బట్ట అప్పగించడానికి వెళ్లేది సొసైటీకి. మగ్గం దగ్గర ఇంటి మాట, లావాదేవీ దగ్గర అరువు మాట.

ఆంగ్లంలోనూ ఇదే కనిపిస్తుంది. వీవ్, స్పిన్, యార్న్, లూమ్, వార్ప్, వెబ్ అన్నీ ప్రాచీనాంగ్ల కాలం నుంచి ఉన్న ఇంటి మాటలు. కాటన్ అరబ్బీ ‘కుత్న్’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. టైలర్, బేల్ ఫ్రెంచి నుంచి వచ్చాయి. నేత ఇంటి పని, సరుకు బజారు పని. బజారు ఎవరిదో వారి మాట నిలిచింది. వాల్టర్ స్కాట్ 1819 నాటి ‘ఐవన్‌హో’లో పశువుల కాపరి ఆంగ్లానికీ ప్రభువు భోజనపు ఫ్రెంచికీ మధ్య చూపిన ప్రసిద్ధ భేదం మగ్గానికీ మార్కెట్టుకూ అంతే చక్కగా వర్తిస్తుంది.

ఆదోని పత్తి వ్యాపారం ఇందుకు మరొక పొరను జోడిస్తుంది. పత్తి నుంచి గింజను వేరుచేసే యంత్రం జిన్ను. ఇది ఎంజిన్‌కు సంక్షిప్త రూపం. ఎంజిన్ ఫ్రెంచి మీదుగా లాటిన్ ‘ఇంగేనియుం’ నుంచి వచ్చింది. దూదికి ధర కట్టే ప్రమాణం క్యాండీ. నేడు అది సుమారు 356 కిలోలు. పలికే తీరును బట్టి ఆంగ్లపదం అనిపించే ఈ మాట మరాఠీ ‘ఖండి’, తెలుగు తమిళాల ‘కండి’ కుటుంబానికి చెందినది. యూల్, బర్నెల్ 1886లో వెలువరించిన ‘హాబ్సన్-జాబ్సన్’ దీనిని నమోదు చేసింది. ఇక్కడి కొలత ఆంగ్ల వర్తకుడి లెక్కలోకి వెళ్లి, వేషం మార్చుకుని తిరిగి ఇక్కడి బజారుకే వచ్చింది. గోడౌన్ కూడా మలయ భాష మీదుగా ఆంగ్లంలో చేరినదే అయినా దాని వెనుక మన గిడ్డంగి ఉండవచ్చునని ఆ నిఘంటుకారులు ఊహించారు. సందేహం లేనిది బాండికూట్. అది మన పందికొక్కు.

1871లో మద్రాసు రైలుమార్గం ఆదోని మీదుగా రాయచూరు చేరింది. రైలు, టికెట్టు, స్టేషను, సిగ్నలు వంటి మాటలు ఆ మార్గంతో పాటు ఊరి మాటలయ్యాయి. వీటన్నింటికీ మూలాలు ఫ్రెంచి, లాటిన్‌లలోనే ఉన్నాయి. ఆంగ్లం ఒకనాడు అరువు తెచ్చుకున్నవే మనకు ఆంగ్లపదాలుగా చేరాయి. ‘బ్యూటీ’కి ఇంటి ప్రత్యయం చేర్చి ‘బ్యూటిఫుల్’ చేసుకున్నట్లే, తెలుగు రైలుకు ఉకారాంతం ఇచ్చి, బండిని జోడించి, రైలుబండి చేసుకుంది.

ఈ కథలో సుఖాంతమే ఉందనుకోరాదు. మద్రాసు గవర్నరు హోదాలో మన్రో 1822లో దేశీయ పాఠశాలల పరిస్థితిపై నివేదికలు కోరాడు. అప్పుడు బళ్లారి కలెక్టరుగా ఉన్నది తెలుగు వ్యాకరణకర్త క్యాంప్‌బెల్. ఆయన 1823 ఆగస్టులో పంపిన నివేదిక ప్రకారం ఆదోనితో కూడిన నాటి బళ్లారి జిల్లాలో 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారు. ఆ పాఠశాలల్లో కన్నడానివి 235, తెలుగువి 226, మరాఠీవి 23, పారశీకానివి 21, తమిళానివి 4. శాస్త్రవిద్యకు 23 ఉండగా, ఇంగ్లీషుది ఒక్కటి. చదువు క్షీణించడానికి ఆయన చూపిన కారణం గమనింపదగినది. ఇక్కడి నూలుబట్టల స్థానంలో ఐరోపా వస్త్రాలు రావడంతో చేతివృత్తులవారి రాబడి పడిపోయిందనీ, పిల్లల్ని బడికి పంపే స్తోమత ప్రజలకు తగ్గిందనీ ఆయన రాశాడు. అంటే ఆంగ్లం ఈ సీమలో ఒకే ఒక్క బడిగా ఉన్న రోజుల్లోనే ఆంగ్లేయుల గుడ్డ తెలుగు, కన్నడ బడుల ఆదాయాన్ని దెబ్బతీసింది. భాషకు హాని అరువు మాటల రూపంలో రాలేదు, జీవిక పోవడం రూపంలో వచ్చింది. ఆంగ్లభాషా వ్యాప్తి గురించి రాసిన ఏ అధ్యాయంలోనైనా ఈ నివేదికకు స్థానం ఉండాలి.

6. సుగ్గి, హార్వెస్ట్

అర్థపరిణామానికి పాఠ్యగ్రంథాలు ఇచ్చే ఉదాహరణలు మన విద్యార్థికి దూరంగా ఉంటాయి. ప్రాచీనాంగ్లంలో ‘హార్వెస్ట్’ శరదృతువు పేరు. ఫ్రెంచి నుంచి ‘ఆటమ్’ వచ్చి ఋతువు పేరును ఆక్రమించగా, హార్వెస్ట్ ఆ ఋతువులో జరిగే కోతకు పరిమితమైంది. దీనికి సాటి వచ్చే మాట పశ్చిమ కర్నూలులో సజీవంగా ఉంది. కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికొచ్చే కాలం, సంబరాల కాలం. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో సుగ్గికి పోవడమంటే వానలు లేక, ఇంటికి తాళం వేసి, పిల్లలతో సహా గుంటూరు సీమ మిరపకోతలకు వలస వెళ్లడం. ఒకరి పంటకాలం మరొకరి కూలికాలమైంది. సొంత పొలంలో కోత లేనివాడికి ఆ మాట మిగిలిన తీరు అది.

హార్వెస్ట్ అర్థం మారడం వెనుక ఒక భాష ఒత్తిడి ఉంది. సుగ్గి అర్థం మారడం వెనుక కరువు ఉంది. అర్థసంకోచం, అర్థాపకర్ష అనే పారిభాషిక పదాలకు నిర్వచనం రాయించే అధ్యాపకుడు ఈ ఒక్క మాటను తరగతిలో చర్చకు పెడితే, అర్థం ఎందుకు మారుతుందో విద్యార్థులే చెబుతారు. వారిలో కొందరు ఆ మాటను నిఘంటువులో చూడకముందే దాని భారాన్ని మోసి ఉంటారు.

7. పోలిక ఆగే చోటు

ఇంతవరకు చూపిన సామ్యాలను అడ్డం పెట్టుకుని, ఆంగ్లం ఫ్రెంచిని తట్టుకుని బతికింది కనుక తెలుగు కూడా ఆంగ్లాన్ని తట్టుకుంటుందని నిశ్చింతగా ఉండడం తొందరపాటు. ఇంగ్లండులో ఫ్రెంచి మాట్లాడిన వర్గం చిన్నది. 1204లో నార్మండీ చేజారాక ఆ వర్గానికి సముద్రానికి ఆవల ఆధారం సన్నగిల్లింది. 1399లో సింహాసనమెక్కిన నాలుగవ హెన్రీ నాటికి రాజు మాతృభాషే ఇంగ్లీషైంది. మనదగ్గర ఆంగ్లేయులు వెళ్లిపోయినా ఆంగ్లం వెళ్లలేదు. చదువుకు, కొలువుకు, వలసకు అదే ద్వారమై బలపడింది.

ఇంగ్లండు చరిత్రలో మనకు పనికివచ్చే పాఠం వేరొకచోట ఉంది. 1362లో న్యాయస్థానాల వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం వచ్చింది. ఆ చట్టం రాసినది ఫ్రెంచిలో. దస్తావేజులను లాటిన్‌లోనే నమోదు చేయమన్నారు. న్యాయస్థానాల రికార్డు పూర్తిగా ఇంగ్లీషుకు మారినది 1733లో, అంటే 371 ఏళ్లకు. ఆంధ్రప్రదేశ్ అధికారభాషా చట్టం 1966లో వచ్చింది. శాసనం చేయడం వేరు, భాష కచేరీలో కూర్చోవడం వేరని ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే బోధపడుతుంది.

ఇంగ్లీషు ఆ మధ్యకాలంలో నిలిచింది పొలం, మగ్గం, వంటిల్లు, సంత, ప్రార్థన వంటి రంగాలను వదలకపోవడం వల్ల. అక్కడి నుంచే అది తిరిగి బడికీ న్యాయస్థానానికీ ఎక్కింది. తెలుగు విషయంలో జరుగుతున్నది దీనికి విలోమం. 2021-22 నుంచి డిగ్రీ చదువులు ఆంగ్లమాధ్యమంలోనే సాగాలని రాష్ట్ర ఉన్నత విద్యామండలి ప్రకటించింది. ఆంగ్లం అవసరాన్ని, దానికోసం పేదవిద్యార్థి పడే ఆరాటాన్ని ఎవరూ కాదనలేరు. అయితే అర్థశాస్త్రం, వృక్షశాస్త్రం, చరిత్ర అనే రంగాల్లో తెలుగులో ఆలోచించి రాసే అలవాటు తప్పిపోతే, ఆ నష్టం బస్సు, మిల్లు వంటి వేయి అరువు మాటలు చేయలేనిది. మనం మాటల కల్తీ గురించి వాపోతూ రంగాల నష్టాన్ని గమనించడం లేదు.

8. ముగింపు

బళ్లారి నివేదికలో క్యాంప్‌బెల్ చేసిన మరొక విమర్శ నేటి అధ్యాపకులకూ తగులుతుంది. పిల్లలు పద్యాలను తప్పులేకుండా అప్పజెబుతున్నారనీ, వాటి అర్థం మాత్రం చిలుకకు తెలిసినంతే వారికీ తెలుసుననీ ఆయన రాశాడు. నాడు ఆ పద్యాలు వాడుకకు దూరమైన కావ్యభాషలోనివి. నేడు ఆ స్థానంలో ఆంగ్లభాషా చరిత్ర గైడు ఉంది. పద్ధతి మారలేదు.

ఆంగ్లభాషా చరిత్ర పాఠానికి స్థానిక భూమిక కల్పించడం కష్టసాధ్యం కాదు. ఎమ్మిగనూరు నేతగాడి ఇంట్లో ఏవి సొంత మాటలో, సొసైటీలో ఏవి అరువు మాటలో విద్యార్థులు సేకరించి, ఆంగ్ల నేతపదాల మూలాలతో సరిపోల్చవచ్చు. ఆదోని మార్కెట్ యార్డులో ఒక పూట వినిపించిన వ్యాపార పదాలను తత్సమ, తద్భవ, దేశ్య, అన్యదేశ్యాలుగా విడదీసి, అదే విభజనను ఒక ఆంగ్ల వార్తాపత్రిక పేరాకు వర్తింపజేయవచ్చు. రెవెన్యూ పదాల అర్థచరిత్రను నార్మను న్యాయపదాల చరిత్ర పక్కన పెట్టవచ్చు. వీటికి కావలసింది చెవి, నోటుపుస్తకం, ఒక మంచి నిఘంటువు.

యెస్పర్సన్, బా గ్రంథాలను పక్కన పెట్టమనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వారు చెప్పిన ధ్వనిసూత్రాలను స్వీకరించి, వారు చూపిన కారణాలను మన నేల మీద పరీక్షించాలి. ఆ పరీక్షలో జాతిస్వభావం, భాష ఔదార్యం అనే వివరణలు నిలవవు. పని, బజారు, కచేరీ, బడి ఎవరి చేతిలో ఉన్నాయన్న ప్రశ్న నిలుస్తుంది. ఆ ప్రశ్నను ఆంగ్లభాష గతంపై వేయడం నేర్చిన విద్యార్థి దానిని తెలుగు భవిష్యత్తుపై కూడా వేయగలడు.